వారమంతా ఆరాధనే



లింగాల మండలంలో ఏ పల్లెలోనైనా తెల్లవారకముందే లేచి చూడండి. నాలుగున్నర, ఐదు గంటలకే పొయ్యిలు వెలుగుతాయి. క్యారియర్లలో సంగటి, చట్నీ సర్దుకొని ఆడవాళ్ళు, మగవాళ్ళు ఆటోల దగ్గరికి చేరుతారు. ఒకప్పుడు శెనక్కాయ మీదే ఆశలు పెట్టుకొని బ్రతికిన ఈ ప్రాంతంలో, బోరు నీళ్ళతోను, పార్నపల్లె దగ్గర నిలిచే చిత్రావతి నీళ్ళతోను అరటి తోటలు, చీనీ తోటలు పెరిగాయి. గెలలు నరికేవారు, మోసేవారు, లారీలకు ఎత్తేవారు, కలుపు తీసేవారు, వీరిలో మన సంఘాల బిడ్డలు ఎందరో ఉన్నారు. సాయంత్రం ఇంటికి చేరేసరికి నడుము పట్టేసి ఉంటుంది. మళ్ళీ వంట, పిల్లలు, ముసలివారు.

వారానికి 168 గంటలు. ఆదివారం ఆరాధనకు రెండు గంటలు తీసివేస్తే 166 మిగులుతాయి. ఆ 166 గంటలలో ఈ తల్లి దేవుణ్ణి ఆరాధిస్తున్నదా, లేదా? ఆరాధిస్తుంటే అది ఎక్కడ, ఏ పనిలో?

ఆరోగ్య పత్రికలో ఈ ప్రశ్న ఎందుకని మీరు అడగవచ్చు. ఆస్పత్రికి వచ్చేవారిలో రెండు రకాల వారిని చూస్తుంటాము. భక్తి పేరుతో మాత్రలు మానేసి, ఒంట్లో షుగరు పెరిగిపోయి, స్పృహ తప్పి మంచం మీద వచ్చేవారు ఒకరు. అదే భక్తితో ఆరు నెలల టి.బి. మందులు ఒక్క పూట తప్పకుండా మింగి, నవ్వుతూ వచ్చి వందనాలు చెప్పి వెళ్ళేవారు ఇంకొకరు. ఇద్దరూ నిజమైన విశ్వాసులే. ఇద్దరూ కన్నీళ్ళతో ప్రార్థించేవారే. ఆరాధన అంటే ఏమిటన్న తలంపులోనే వీరిద్దరికీ తేడా ఉంది. ఆ తేడా వల్ల ఒకరికి కాలు పోతుంది, ఇంకొకరికి ప్రాణం నిలుస్తుంది.

లాంతరు వెలుగులో మొదలైన సంఘాలు

మన ప్రాంతపు సంఘాల చరిత్ర కొంచెం గుర్తు చేసుకుందాం. లండన్ మిషను వారి విలియం హోవెల్ గారు 1822లో కడపలో పని ప్రారంభించారు. చాలా సంవత్సరాలు ఫలితం కొద్దిగానే కనిపించింది. ఆ తర్వాత పల్లెలలోని దళిత కుటుంబాలు, ముఖ్యంగా చేలలో కూలి చేసి బ్రతికేవారు, గుంపులుగా సువార్త విన్నారు. పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి మహా కరువు ఈ జిల్లాలను పీడించిన తర్వాత అనేక కుటుంబాలు సంఘములో చేరాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. మా అభిప్రాయములో మనం పండుగ ప్రసంగాలలో దీన్ని చెప్పుకోవలసినంతగా చెప్పుకోవడం లేదు. ఆ కుటుంబాల వారికి పగలు తమది కాదు. పొద్దు పొడవకముందు చేనికి వెళ్ళి పొద్దు గూకిన తర్వాత వచ్చేవారు. అందుచేత పల్లె సంఘాలలో ఆరాధన రాత్రి పూట జరిగేది. పగలు పిల్లలకు బడిగా ఉన్న కొట్టమే రాత్రికి గుడి. పగలు అక్షరాలు దిద్దించిన ఉపదేశిగారే రాత్రి వాక్యము చెప్పేవారు. గంట కొడితే, తిన్నవారు తిన్నట్టు, చంకలో బిడ్డ ఉన్నవారు బిడ్డతో వచ్చి నేల మీద కూర్చొనేవారు. ఎక్కువ మందికి చదువు లేదు. అందుకే కీర్తనలు నోటికి నేర్చుకొనేవారు. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) వంటి భక్తులు మన రాగాలలో రాసిన కీర్తనలు పుస్తకం పట్టుకోలేని చేతులకు కూడా అందాయి. ఈనాటికీ కలుపు తీస్తూ ఒక అవ్వ పల్లవి ఎత్తుకుంటే పక్క సాలులోని వారు చరణం అందుకోవడం మీరు వినే ఉంటారు.

అంటే మన పూర్వికులకు ఆరాధన పని నుండి వేరుగా పెట్టిన సంగతి కాదు. చెమట ఆరని శరీరంతోనే వచ్చారు, మరునాడు ఆ ప్రార్థనతోనే చేనికి వెళ్ళారు.

జమ్మలమడుగులో వైద్యపు పని కూడా ఇలాగే కలిసి పెరిగింది. విలియం హోవర్డ్ క్యాంప్‌బెల్ గారు పాదిరి. ఆయన తమ్ముడు థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ గారు డాక్టరు. ఇద్దరూ లండన్ మిషను వారే. 1890ల కాలములో మొదలైన ఆ ఆస్పత్రిని ఈనాటికీ క్యాంప్‌బెల్ పేరుతోనే పిలుస్తారు. ఈ అన్నదమ్ములకు ఇంకొక అలవాటు ఉండేది. తీరిక దొరికితే సీతాకోకచిలుకలను, రెక్కల పురుగులను సేకరించి జాగ్రత్తగా పరిశీలించేవారు. అవి విజ్ఞానశాస్త్రానికి కూడా ఉపయోగపడ్డాయి. జ్వరాలు, పుండ్లు, కాన్పులు చూచే ఊళ్ళో పురుగుల మీద ఈ శ్రద్ధ ఏమిటని ఆనాటి వారు అనుకొని ఉంటారు. దేవుడు చేసిన చిన్న ప్రాణిని కూడా ఓపికగా చూడగలిగిన కన్ను రోగి కాలి పుండును కూడా ఓపికగానే చూస్తుంది గదా.

2020లో మనము తెలియకుండానే ఆ పాత పద్ధతికి తిరిగి వెళ్ళాము. కరోనా లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. ఏప్రిల్ 10 మంచి శుక్రవారం, 12 ఈస్టరు. గుడులన్నీ మూసి ఉన్నాయి. ఆ ఆదివారం ప్రతి ఇల్లూ గుడి అయింది. ఇంటి పెద్ద అధ్యాయం చదివాడు, పిల్లలు పాట పాడారు, మైకు లేదు, పళ్ళెం లేదు, కొత్త బట్టలు లేవు. కొన్ని ఇండ్లలో భార్యాభర్తలు కలిసి ప్రార్థించుకోవడం అదే మొదటిసారి. ఆ నెలల తర్వాత గుడులు తెరిచారు. ఇంటి ప్రార్థన మాత్రం చాలా చోట్ల మళ్ళీ మూతపడింది. ఇది విచారించవలసిన విషయం.

పిడికెడు బియ్యము, పాత చెప్పులు

సమరయ స్త్రీ ప్రభువును అడిగిన ప్రశ్న మీకు తెలుసు (యోహాను 4వ అధ్యాయము). ఆరాధించవలసింది ఈ కొండ మీదనా, యెరూషలేములోనా అని ఆమె అడిగింది. ప్రభువు స్థలము సంగతి పక్కన పెట్టి, ఆత్మతోను సత్యముతోను అన్న మాట చెప్పాడు. ఆ మాట ఎక్కడ చెప్పాడో చూడండి. దేవాలయములో కాదు, యాజకునితో కాదు. మిట్టమధ్యాహ్నం కుండ పట్టుకొని నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీతో, బావి దగ్గర చెప్పాడు.

దోర్నకల్ సంఘాల స్త్రీల అలవాటు ఒకటి చెప్పుకోవాలి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. ఆయన కాలములో అక్కడి పల్లె సంఘాల స్త్రీలు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్క కుండలో వేసి, అది దేవునిదని ఉంచేవారు. మన సంఘాలలోనూ పిడికెడు బియ్యము కానుక ఎరుగనివారు లేరు. అక్కడ చిన్నగా కనిపించేది నిజానికి పెద్దది. ఆ బియ్యం మిగిలినప్పుడు తీసింది కాదు, ఎసట్లో పడవలసిన బియ్యములో నుండి తీసింది. ఎవరూ చూడరు. చప్పట్లు లేవు. పొయ్యి ముందు, పొగలో, రోజూ జరిగే ఆరాధన అది. విధవరాలి రెండు కాసులను ప్రభువు ఎందుకు లెక్కపెట్టాడో ఈ కుండను చూస్తే అర్థమవుతుంది.

సముద్రాల అవతల ఇంకొక వంటయింటి భక్తుడు ఉన్నాడు. సుమారు మూడున్నర శతాబ్దాల క్రితం ఫ్రాన్సు దేశపు పారిస్ పట్టణములో ఒక సన్యాసుల మఠములో లారెన్సు సహోదరుడు అనే ఆయన ఉండేవాడు. ముందు సైనికుడు, కాలికి గాయమై కుంటివాడయ్యాడు. మఠములో ఆయనకిచ్చిన పని వంట. ఆ పని ఆయనకు ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య కూడా, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఎలా దేవునితో ఉంటాడో అలాగే ఉండటం అభ్యాసము చేసుకున్నాడు. తరువాతి కాలములో తోటి సన్యాసుల చెప్పులు బాగు చేసే పని ఇచ్చారు. అదీ అలాగే చేశాడు. 1691లో చనిపోయాడు. ఆయన పెద్ద గ్రంథాలు రాయలేదు. ఆయన ఉత్తరాలు, ఆయనతో ఇతరులు జరిపిన సంభాషణలు కలిపి వేసిన చిన్న పుస్తకాన్ని లోకమంతా ఇప్పటికీ చదువుతున్నది. చెప్పుల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆదివారము గుడికి రాలేని కోడలు

ఇప్పుడు మన ఇండ్లలోకి వద్దాం. పక్షవాతంతో అత్తగారు మంచాన పడ్డారు. కోడలు రెండు సంవత్సరాలుగా ఆదివారం ఆరాధనకు సరిగా రావడం లేదు. సంఘములో ఎవరో ఒకరు అంటారు, "ఏమ్మా, దేవుణ్ణి మర్చిపోయినావా?" అని. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగుతుంది.

ఆమె చేసే పని ఏమిటో చూడండి. కదలలేని మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి, రాత్రులు కూడా. లేకపోతే నడుము కింది ఎముక దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, తరువాత నల్లబడి పుండు పడుతుంది. ఒకసారి లోతుగా పడిన పుండు మానడానికి నెలలు పడుతుంది. దుప్పటి ముడతలు లేకుండా ఉండాలి. తడి అయిన వెంటనే మార్చాలి. ఎర్రబడిన చోట గట్టిగా రుద్దకూడదు. అన్నం పెట్టేటప్పుడు పడుకోబెట్టి పెట్టకూడదు. దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టాలి. పొరబోయి ఊపిరితిత్తులలోకి వెళితే న్యుమోనియా వస్తుంది. తిన్న తర్వాత కూడా అరగంట కూర్చొనే ఉంచాలి. పప్పు, గుడ్డు, పాలు వంటివి ఉంటేనే చర్మం నిలుస్తుంది. డాక్టరు చెప్పిన బి.పి. మాత్రలు, రక్తం పలుచబడే మాత్రలు తప్పకూడదు.

ఇది ఆరాధన కాకపోతే ఏది ఆరాధన? రోగిగా ఉన్నప్పుడు తనను చూడవచ్చినవారి గురించి ప్రభువు మత్తయి 25వ అధ్యాయములో ఏమన్నాడో అందరమూ చదివాము.

అయితే ఇక్కడ సంఘానికి కూడా పని ఉంది. ఆ కోడలికి సహవాసము అవసరం లేదని కాదు, ఎక్కువ అవసరం. స్త్రీల మైత్రి నుండి ఇద్దరు అక్కలు వంతులవారీగా ఆదివారం రెండు గంటలు ఆ ఇంట్లో కూర్చుంటే ఆమె గుడికి వెళ్ళి రాగలదు. లేదా వారములో ఒక రోజు గృహ కూటమి ఆ ఇంటి వసారాలోనే పెట్టుకోవచ్చు. మంచం మీది అవ్వ మాట పోయినా పాట అందుకోవడం కొన్నిసార్లు చూస్తాము. పక్షవాతం వల్ల మాట రానివారిలో కొందరికి పాత పాటలు నోటికి వస్తాయి. మాటకు, పాటకు మెదడు ఒకే దారిలో పనిచేయదు. అందుకని పరామర్శకు వెళ్ళినవారు పొడుగు ప్రసంగం చేయకుండా ఆమె చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తన ఒకటి నెమ్మదిగా పాడండి.

శుక్రవారపు ఉపవాసము

"ఈ పొద్దు శుక్రవారం గదా సారూ, ఉపాసముంటి. మాత్ర మటుకు ఏసుకుంటి." ఓ.పి.లో ఈ మాట మాకు కొత్త కాదు. చెప్పేవారు నిజాయితీపరులు. మాత్ర మానకూడదని డాక్టరు చెప్పాడు, ఉపవాసము మానకూడదని మనసు చెప్పింది, రెండూ పాటించారు. ప్రమాదము సరిగ్గా అక్కడే ఉంది.

గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రలు, ఇన్సులిన్, ఇవి తిన్నా తినకపోయినా రక్తములోని చక్కెరను దించుతాయి. తినకపోతే దించడానికి అక్కడ ఏమీ ఉండదు. చక్కెర 70 కంటే తగ్గితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడ, కళ్ళు మసక, కోపం, తికమక మాటలు వస్తాయి. ఉపవాస కూటమిలో పాటల మధ్య ఇలా జరిగితే చుట్టూ ఉన్నవారు ఆత్మావేశమని, లేదా ఇంకేదో అని అనుకొని పెద్దగా ప్రార్థించిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు ముందు చేయవలసింది మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించడం. 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్న తర్వాత ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. ఆ తర్వాత ఎంతసేపైనా ప్రార్థించండి.

ఇన్సులిన్ తీసుకొనేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టి.బి. మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అన్నపానాలు మాని ఉపవాసముండకూడదు. మిగతా షుగరు రోగులు ఉండదలచుకుంటే ముందుగా డాక్టరును అడగాలి. మాత్రల మోతాదు, వేళ మార్చవలసి ఉంటుంది. సొంతంగా మార్చుకోవద్దు. మన జిల్లా ఎండలలో నీళ్ళు కూడా మానడము ఆరోగ్యవంతులకే కష్టము.

మరి ఉపవాసమే వద్దా? అలా అనడము లేదు. యెషయా 58వ అధ్యాయము తెరిచి నెమ్మదిగా చదవండి. ఆనాడు కూడా ప్రజలు ఉపవాసముండి, దేవుడు ఎందుకు చూడడం లేదని అడిగారు. ఉపవాస దినమునే పనివారిని పీడిస్తున్నారని, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టడం, దిక్కులేనివానిని ఇంట చేర్చుకోవడం తనకు ఇష్టమైన ఉపవాసమని ప్రవక్త ద్వారా జవాబు వచ్చింది. షుగరు ఉన్నవారు అన్నము మానలేకపోతే శుక్రవారం టి.వి. మానవచ్చు, కోపం మానవచ్చు, అప్పు కోసం కూలివానిని వేధించడం మానవచ్చు. ఒక పూట కూర ఖర్చు తీసి పక్కింటి టి.బి. రోగికి గుడ్లు కొనిపెట్టవచ్చు. ఆ మాటకొస్తే, ఎన్ని దినాలు ఉపవాసమున్నామో లెక్కలు చెప్పుకొని పోటీ పడే కంటే ఇది కష్టమైన ఉపవాసమే.

అంజూరపు పండ్ల ముద్ద

ఇంకొక సంగతి మనసులో భారముతో రాస్తున్నాము. సాక్ష్యము చెప్పే సమయములో ఒకరు లేచి, "ప్రార్థన చేయించుకున్నాను, మాత్రలన్నీ పారేశాను" అంటారు. వెంటనే చప్పట్లు, స్తోత్రములు. ఆ చప్పట్లు విన్న మూర్ఛ రోగి ఇంటికి వెళ్ళి తన మాత్రలు కూడా మానేస్తాడు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. బి.పి. మాత్ర మానినవారికి కొన్ని వారాలు ఏమీ తెలియదు, తరువాత పక్షవాతం రావచ్చు. టి.బి. మందులు మొదలుపెట్టిన నెల రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి వేసి, బాగైనట్టే ఉంటుంది. క్రిములు మాత్రం ఇంకా ఉంటాయి. మామూలు టి.బి.కి ఆరు నెలల చికిత్స పూర్తి చేయకపోతే అవి మందులకు లొంగని క్రిములుగా మారవచ్చు. ఆ జబ్బు ఇంట్లో బిడ్డలకు అంటుకుంటే అది కూడా లొంగని జబ్బే అవుతుంది.

హిజ్కియా రాజు కథ చదవండి (రెండవ రాజులు 20వ అధ్యాయము). మరణకరమైన జబ్బు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. హృదయపూర్వకమైన ప్రార్థనకు అంతకంటే సాక్ష్యము ఏమి కావాలి? దేవుడు విన్నాడు. 15 సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. వెంటనే ప్రవక్త ఏమి తెమ్మన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద. దాన్ని పుండు మీద వేసి కట్టారు, రాజు బాగుపడ్డాడు. ప్రార్థన విన్న దేవుడే కట్టు కూడా కట్టించాడు. కట్టు విప్పి పారేసి తన విశ్వాసము చూపించుకోవాలని హిజ్కియాకు తోచలేదు.

సంఘకాపరులకు, పెద్దలకు మా మనవి ఏమంటే, స్వస్థత సాక్ష్యము చెప్పేవారిని సంతోషముగా చెప్పనివ్వండి. చివరిలో ఒక్క మాట చేర్చండి: "అమ్మా, డాక్టరుగారికి చూపించి, ఆయన ఆపమంటేనే మందులు ఆపు." టి.బి. రోగి ఆరు నెలలు పూర్తి చేసిన దినము గుడిలో లేపి నిలబెట్టి స్తోత్రము చెల్లించండి, ఆ రోగికి ఇష్టమైతేనే. పోషకాహారం కోసం ప్రభుత్వం టి.బి. రోగుల బ్యాంకు ఖాతాలో వేసే సొమ్మును 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలకు పెంచింది. ఆ సంగతి తెలియనివారికి తెలియజేసి, ఖాతా తెరిపించడానికి తోడు వెళ్ళండి. యువజన సమాజము వారికి ఇది మంచి పని.

కాళ్ళు కడుగుట

శ్రమకాల దినములలో, మంచి శుక్రవారానికి ముందు గురువారం, ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి జ్ఞాపకము చేసుకుంటాము. కొన్ని సంఘాలలో అయ్యగారు పళ్ళెంలో నీళ్ళు పెట్టుకొని కొందరి పాదాలు కడుగుతారు. కళ్ళు చెమర్చే సమయం అది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి, పదేళ్ళుగా షుగరు ఉన్న భర్త పాదాలు, తల్లి పాదాలు ఎత్తి చూచినవారు ఎందరు?

షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా నొప్పి తెలియదు. అరటి తోటలో, శెనక్కాయ చేనులో వట్టి కాళ్ళతో నడిచి, సాయంత్రం రక్తం చూచి ఆశ్చర్యపోతారు. నొప్పి లేదు గదా అని వదిలేస్తారు. చీము పట్టి, వేలు నల్లబడిన తర్వాత వస్తారు. అప్పుడు వేలు తీయాలా, పాదమా, మోకాలి వరకా అని చర్చ.

దీన్ని ఆపే పని చాలా చిన్నది. రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్ళతో పాదాలు కడగాలి. వేడి రోగి చూడకూడదు, ఆయనకు తెలియదు. మీరు మోచేయి పెట్టి చూడండి. వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో పొడిగా తుడవండి. అరికాలు, మడమలు, వేళ్ళ మధ్య పగుళ్ళు, పొక్కులు, రంగు మార్పు ఉన్నాయేమో దీపం దగ్గర చూడండి. కొబ్బరినూనె పాదానికి రాయండి, వేళ్ళ సందులలో వద్దు. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, మూలలు తవ్వకూడదు. ఆనెకాయలను బ్లేడుతో కోయకూడదు. చెప్పులు వేసుకొనే ముందు దులిపి, లోపల చేయి పెట్టి చూడాలి. స్పర్శ తగ్గినవారికి మెత్తని అట్ట ఉన్న ఎం.సి.ఆర్. చెప్పులు మంచివి. ఏ చిన్న పుండైనా కనిపించిన దినమే చూపించండి.

పది నిమిషాల పని. కుటుంబ ప్రార్థనకు కూర్చునే ముందు ఇది చేస్తే, ఆ ఇంట్లో మనవడు కూడా తాతగారి పాదాన్ని టార్చి వేసి చూడటం నేర్చుకుంటాడు. వంగి, పాదాలు చేతిలోకి తీసుకొని చూచిన ప్రభువును గురించి ఆదివారం బడిలో చెప్పే పాఠం కంటే ఆ పిల్లవానికి ఇది బాగా గుర్తుండవచ్చు.

మంచి శుక్రవారపు ఆరాధన మధ్యాహ్నం 12 నుండి 3 వరకు జరుగుతుంది. మార్చి ఆఖరు, ఏప్రిల్ అంటే మన దగ్గర ఎండలు ముదిరే కాలము. చెప్పులు గేటు దగ్గర విడిచి, గుడి గుమ్మం వరకు పరచిన కడప బండల మీద వట్టి కాళ్ళతో నడుస్తాము. మిగతావారు కాలు కాలి గబగబా పరుగెడతారు. స్పర్శ లేనివారు మెల్లగా, భక్తిగా నడుస్తారు. మరునాడు పాదమంతా పొక్కులు. ఇది ప్రతి గుడిలోనూ జరగగల ప్రమాదమే.

అందుచేత ఈసారి సంఘ పెద్దలు గేటు నుండి గుమ్మం వరకు ఒక పట్ట గాని, తడిపిన గోనె సంచులు గాని పరిపించండి. చెప్పులు విడిచే చోటు గుమ్మం పక్కనే నీడలో పెట్టండి. షుగరు ఉన్నవారు మేజోళ్ళు వేసుకొని లోపలికి రావచ్చని, అది అగౌరవము కాదని ముందు ఆదివారమే ప్రకటనలలో చెప్పించండి. వెనుక వరుసలో తాగునీళ్ళు, ఒక చక్కెర డబ్బా, చెంచా ఉంచండి. రేకుల కప్పు ఉన్న గుడులలో ముసలివారిని, గర్భిణులను కిటికీల పక్కన కూర్చోబెట్టండి, మధ్యలో లేచి వెళ్ళవలసి వస్తే ఎవరూ తిరిగి చూడవద్దు. శ్రమకాల దినములలో ఉపవాసము ఉండదలచిన షుగరు, బి.పి. రోగులు బూడిద బుధవారానికి కనీసము రెండు వారాల ముందు తమ మందుల చీటీలతో ఓ.పి.కి వచ్చి డాక్టరుగారితో మాట్లాడగలరు.